గొలుసు సందేశములు: ఆత్మీయులకు చేయదగిన మనవి

ఒక తరము క్రిందట మన పల్లెలకు పోస్టుమాను తెచ్చిన ఉత్తరములలో అప్పుడప్పుడు ఒక వింత కార్డు ఉండెడిది. దానిపై వ్రాసినవారి పేరుండదు. ఫలానా దేవుని మహిమను చాటుటకు ఈ కార్డు బయలుదేరినదనియు, అందుకొన్నవారు కొద్ది దినములలో ఇట్టివే పది పన్నెండు కార్డులు వ్రాసి తెలిసినవారికి పంపవలెననియు, పంపినవారికి ధనలాభము కలిగినదనియు, చింపి పారవేసినవారికి కీడు మూడినదనియు అందులో ఉండెడిది. చదివినవారికి నమ్మకము కుదరకపోయినను, "ఏమో, మనకెందుకు వచ్చిన గొడవ" యని కార్డులు కొని, కూర్చుండి వ్రాసి, డబ్బాలో వేసి వచ్చెడివారు. దీనినే గొలుసు ఉత్తరమనిరి.

ఈ జాడ్యము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. 1935 వ సంవత్సరమున అమెరికాలోని డెన్వరు నగరములో, పది సెంట్ల నాణెమును పంపినచో అనేక రెట్లుగా తిరిగి వచ్చునని ఆశపెట్టు గొలుసు ఉత్తరమొకటి బయలుదేరి, అచ్చటి తపాలా కార్యాలయమును ఉత్తరములతో ముంచివేసినది. మన దేశములో ఇట్టి డబ్బు గొలుసులను 1978 వ సంవత్సరపు చట్టము నిషేధించినది.

కాలము మారినది. కార్డు పోయి ఇ-మెయిలు వచ్చినది. మన జాతీయ గీతమును యునెస్కో సంస్థ ప్రపంచములోనే ఉత్తమమైనదిగా ప్రకటించినదను వార్త 2008 ప్రాంతమున ఇ-మెయిలు ద్వారా దేశమంతట తిరిగినది. యునెస్కో అట్టి ప్రకటన ఏదియు చేయలేదు. అయినను ఆ వార్త నేటికిని అప్పుడప్పుడు తలయెత్తుచునే యున్నది. ఇ-మెయిలు తరువాత సెల్‌ఫోను, అందులో వాట్సాపు వచ్చినవి. కార్డు వ్రాయుటకు చేయి నొచ్చెడిది, కాసులు ఖర్చయ్యెడివి. ఇప్పుడు వ్రేలు కదిపినచో చాలును. పూర్వపు గొలుసునకున్న కొద్దిపాటి అడ్డును ఈ విధముగా తొలగిపోయినది.

గ్రామ పంచాయతీ సభ్యులకు ఈ విషయముతో ఏమి పనియని కొందరు అడుగవచ్చును. చాల పని యున్నదని మా అభిప్రాయము. దాని కారణములను, గొలుసును త్రెంచుటకు బంధువులను, మిత్రులను నొప్పింపకుండ అడుగవలసిన విధమును ఈ వ్యాసములో వివరింతుము.

గొలుసు పెరుగు విధము

ఒకరు పదిమందికి, ఆ పదిమందిలో ప్రతియొకరు మరి పదిమందికి పంపిరనుకొందము. రెండవ మెట్టున నూరుగురు, మూడవ మెట్టున వేయిమంది, ఆరవ మెట్టున 10 లక్షలమంది అగుదురు. పదిమందికి గాక ఐదుగురికే పంపినను పదమూడవ మెట్టున లెక్క 122 కోట్లు దాటును. 2011 జనాభా లెక్కలలో మన దేశ జనసంఖ్య 121 కోట్లు. ఒకే మనిషికి ఒకే సందేశము పలుమార్లు చేరును గనుక నిజముగా అంతమందికి చేరదు. అయినను ఆ వేగమెట్టిదో దీనివలన తెలియును. ఉదయము ఎక్కడో పుట్టిన మాట సాయంకాలమునకు మన రచ్చబండ మీదికి వచ్చుట ఈ లెక్క వలననే.

ఈ ప్రమాదమును చూచి వాట్సాపు సంస్థ కొన్ని కట్టుబాట్లు చేసినది. ఒకరు వ్రాసినది గాక మరియొకరి నుండి వచ్చిన సందేశమైనచో ఆ సంగతి తెలుపు గుర్తును 2018 లో ప్రవేశపెట్టినది. అదే సంవత్సరమున, ఒక సందేశమును ఒకేసారి ఐదింటికి మించి పంపుటకు వీలులేకుండ మన దేశములో కట్టడి చేసినది. చాలమార్లు చేతులు మారిన సందేశముపై రెండు బాణపు గుర్తులు కనిపించును. 2020 ఏప్రిల్ నుండి అట్టి దానిని ఒకమారు ఒకరికి మాత్రమే పంప వీలగును. ఈ ఏర్పాటు వలన అట్టి సందేశములు 70 శాతము తగ్గినవని ఆ సంస్థ అప్పుడు ప్రకటించినది. అనగా ప్రతి మనిషి చేతికి కొద్దిపాటి అడ్డు తగిలినను గొలుసు ఎంతో బలహీనమగునన్నమాట. ఆ అడ్డు యంత్రము నుండియే రానక్కరలేదు. మనమే ఆగినచో అంతకంటె మేలు.

పూర్వము గ్రామములో చాటింపు వేయవలెనన్నచో, డప్పు పట్టినవాడు తనకు తోచినది చాటెడివాడు కాడు. "ఎవరు చాటుమన్నారు?" అని అడిగినచో అతనియొద్ద జవాబు ఉండెడిది. ఇప్పుడు ప్రతివాని చేతిలోను ఒక డప్పు ఉన్నది. చాటుమన్నదెవరను ప్రశ్నకు మాత్రము జవాబు లేదు.

గొలుసు చేసిన కీడు

ఉదయమున వచ్చు పూల బొమ్మ వలన ఎవరికిని ప్రాణహాని లేదు. కాని చూడక పంపు అలవాటు ఆ పూల బొమ్మతోనే మొదలగును. ఆ అలవాటు ఎంతదూరము పోగలదో తెలుపు సంఘటనలు కొన్ని జరిగినవి.

2018 వ సంవత్సరమున పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి సెల్‌ఫోనుల ద్వారా దేశమంతట వ్యాపించినది. ఆ సమయమున తిరిగిన వీడియోలలో ఒకటి నిజమునకు పాకిస్తానులోని కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి ప్రచారము కొరకు నటించి తీసినది. చివర పిల్లవానిని తిరిగి అప్పగించి హెచ్చరిక చూపు భాగమును ఎవరో కత్తిరించి మిగిలినది పంపిరి. చూచినవారు భయపడి తమవారికి పంపిరి. ఆ సంవత్సరము మే నెలలో తెలుగు రాష్ట్రములలో కూడ ఇట్టి వదంతులు నమ్మి, ముష్టియెత్తుకొనువారిపైన, కొత్తవారిపైన దాడులు జరిగినవి. ప్రాణములు కూడ పోయినవి.

జూలై 1 వ తేదీన మహారాష్ట్రములోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున సంత జరుగుచుండెను. ఊరూర తిరిగి యాచించి బ్రతుకు ఒక సంచార కులమునకు చెందిన ఐదుగురు అచ్చటికి వచ్చిరి. వారు పిల్లలను ఎత్తుకొనిపోవువారని జనము మూగినది. వారిని ఒక గదిలోనికి ఈడ్చుకొనిపోయి కొట్టి చంపిరి. ఆ గది ఆ గ్రామ పంచాయతీ కార్యాలయములోనిది. న్యాయము కోరి ప్రజలు ఎక్కవలసిన గడపలోపల ఈ ఘోరము జరిగినదన్న సంగతిని పంచాయతీ సభ్యులు మరువరాదు. ఆ సందేశములను పంపినవారిలో అత్యధికులు హంతకులు కారు. తమ పిల్లలు క్షేమముగా నుండవలెనని కోరిన తలిదండ్రులే.

2020 ఫిబ్రవరిలో కోడి మాంసము తినినచో కరోనా వ్యాధి సోకునను వదంతి పుట్టినది. తెలుగు రాష్ట్రములలో కోళ్ల ధర పెంపకపు ఖర్చునకైన చాలనంతగా పడిపోయినది. నెల చివర హైదరాబాదులో మంత్రులే వేదికపై కోడి మాంసము తిని చూపవలసి వచ్చినది. అప్పు చేసి షెడ్డు వేసిన పల్లెటూరి రైతునకు కలిగిన నష్టమునకు ఆ సందేశము పంపినవారిలో ఎవరును బాధ్యత వహింపలేదు. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలమున, ఉమ్మెత్త గింజలు కరోనాకు మందని చెప్పు వీడియోను నమ్మి రెండు కుటుంబములవారు వాటిని నూరి త్రాగి ఆసుపత్రి పాలయిరి. ఉమ్మెత్త విషమని మన పల్లెలలో పసిపిల్లవానికైనను తెలియును. తెలిసిన సంగతిని కూడ ఫోనులోని మాట మరపించినది.

ధనమునకును ముప్పు కలదు. పి.ఎం. కిసాన్ వంటి పథకముల పేరు పెట్టి, నొక్కినంతనే ఫోనులోనికి దొంగ యాప్ దిగునట్లు చేయు లంకెలు గ్రూపులలో తిరుగుచుండును. వాటిని పంపినది బావమరిదియో, తోటి సభ్యుడో అగుట చేతనే జనులు నమ్మి నొక్కుదురు. ఇట్లు సొమ్ము పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

పైకి కనబడని నష్టము మరియొకటి గలదు. తాగునీరు రాదనియు, టీకాలు వేయుదురనియు, గ్రామసభ ఫలానా తేదీన జరుగుననియు తెలుపుటకు అనేక గ్రామములలో వాట్సాపు గ్రూపులు ఏర్పరచుకొన్నారు. రోజుకు యాబది సూక్తులు, వైద్యములు, వింతలు అందులో పడుచున్నచో జనులు విసిగి ఆ గ్రూపును చూచుట మానుకొందురు. గ్రామసభ ప్రకటన వాటి అడుగున పడిపోవును. వచ్చి మాట్లాడవలసినవారికి సభ సంగతియే తెలియకపోవును.

పంపువారి మనస్సు

అడుగుటకు ముందు అవతలివారి మనస్సును అర్థము చేసికొనవలెను. మాకు తెలిసినంతలో మూడు కారణములచే ఈ సందేశములు వచ్చును. మొదటిది ఆప్యాయత. పెద్దవయస్సువారు, ఒంటరిగా నున్నవారు పంపు ఉదయపు బొమ్మకు "నేను లేచితిని, నిన్ను తలచితిని" అని అర్థము. బిడ్డలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయిన ఇంటిలో ఆ బొమ్మయే ఒక పలకరింపు. రెండవది భయము. దేవుని పేరిట వచ్చిన గొలుసును త్రెంచినచో కీడు కలుగునేమోనను శంక. మూడవది పరోపకారబుద్ధి. "నిజమైనచో పదిమందికి మేలు, కాకపోయినచో పోయినదేమి" అను భావము. నిజము కాకపోయినచో పోవునదేమో పైన చూచితిమి.

ఈ మూడింటిలో ఏదియు దుర్బుద్ధి కాదు. అందుచేత "ఇట్టి చెత్త పంపకుడు" అని గ్రూపులో నలుగురి యెదుట వ్రాసినచో వారి ప్రేమను చెత్తయన్నట్లగును. వారు మానరు, మనతో మాటలాడుట మాత్రము మానుదురు. పెళ్లి పిలుపులలో కూడ ఆ ముల్లు గ్రుచ్చుకొనుచునే యుండును.

అడుగవలసిన విధము

మొదట మనమే మానవలెను. సర్పంచిగాని వార్డు సభ్యుడుగాని పంపిన మాట సామాన్యుని మాట వంటిది కాదు. "సర్పంచిగారే పంపినారు" అను ముద్ర దానిపై పడును. మన చేయి శుభ్రమైన తరువాతనే ఇతరులను అడుగుట శోభించును.

రెండవది, ఒంటరిగా అడుగవలెను. ఎదుట కూర్చుండి అడుగుట ఉత్తమము, ఫోనులో మాట్లాడుట మధ్యమము. వారి ప్రేమను ముందుగా అంగీకరించి, తరువాత ఒక్క సందేశమును మాత్రము తీసికొని దాని నిజానిజములు చెప్పవలెను. "మీరెప్పుడు ఇంతే" యనరాదు. పినతండ్రితో ఈ రీతిగా చెప్పవచ్చును:

"బాబాయ్, మీరు పొద్దున్నే నన్ను తలుచుకుంటున్నారంటే నాకు సంతోషమే. నిన్న మీరు పంపిన ఆ మందు సంగతి మన పి.హెచ్.సి. డాక్టరుగారిని అడిగాను. అది ప్రమాదం అన్నారు. మీ మాట మీద నమ్మకంతో ఎవరైనా వాడితే మీకే మాట వస్తుంది. ఇక మీదట అలాంటివి వస్తే ముందు నాకు ఒక్కడికే చూపించండి. ఇద్దరం కనుక్కున్నాక పంపిద్దాం."

ఇందులో నింద లేదు. పెద్దవారి మాటకు గల విలువను కాపాడుటకే అడుగుచున్నట్లున్నది. అది నిజము కూడ.

మూడవది, మానుమన్నచోట మరియొకటి చూపవలెను. ఆప్యాయతతో పంపువారికి ఆ దారి మూసి మరియొక దారి తెరువకున్నచో అది అన్యాయమగును. తల్లి రోజుకు పది బొమ్మలు పంపుచున్నచో కుమారుడు ఇట్లనవచ్చును: "అమ్మా, ఆ బొమ్మలు ఎవరో చేసినవి. ఆవు ఈనిందా, నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది, అవి రెండు ముక్కలు నీ గొంతుతో చెప్పి పంపు. పనిలో ఉన్నా వింటాను." ఆ మాట చెప్పినవాడు తాను వినవలెను, బదులు కూడ పలుకవలెను. బదులు పలుకనివాడు బొమ్మలను గూర్చి ఫిర్యాదు చేయుటకు అర్హుడు కాడు.

నాలుగవది, భక్తితో పంపువారిని ఎగతాళి చేయరాదు. వారి భయమును మనము పంచుకొనవలెను. "అత్తయ్యా, ఆ దోషం ఏదైనా ఉంటే నా మీద వేసేయండి. నాకు పంపించి అక్కడితో ఆపేయండి. మీరు దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటే దేవుడికి అందదా?" అన్నచో చాలమందికి మనస్సు తేలికపడును. శాపమునకు వెరవని మనిషి ఒకడు తన యింటనే యున్నాడన్న ధైర్యము వారికి కావలెను.

ఐదవది, ఊరికి కీడు చేయదగిన సందేశము గ్రూపులో పడినచో రేపటివరకు ఆగరాదు. పంపినవారికి వెంటనే ఫోను చేసి, వారిచేతనే తీసివేయించుట మేలు. ఆలోపల గ్రూపులో వారి పేరెత్తకుండ విషయమును మాత్రము వ్రాయవలెను: "పిల్లల దొంగలను గురించిన వార్త మన పోలీసుస్టేషనులో విచారించినాము. నిజము కాదన్నారు. కొత్తవారు ఎవరైనా కనబడితే చేయి చేసుకోవద్దు. 112 కు ఫోను చేయండి." నిజముగా విచారించిన తరువాతనే ఈ మాట వ్రాయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అని వాదించువారుందురు. కరాచీలో నటించిన దృశ్యము పొగగా మారి మన ఊళ్లకు వచ్చిన సంగతిని వారికి చెప్పవలెను.

ఎంత చెప్పినను మాననివారు ఒకరిద్దరుందురు. వారితో తగవు పెట్టుకొనుట వ్యర్థము. వారి సందేశముల చప్పుడు వినబడకుండ ఫోనులో చేసికొని, ఎదురుపడినపుడు ఎప్పటివలె పలుకరించుట మంచిది. గొలుసు మన చేతిలో ఆగినచో చాలును.

పంచాయతీ చేయదగిన పనులు

2018 లో వదంతులు ప్రబలిన సమయమున తెలంగాణములోని జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో పోలీసు సూపరింటెండెంటుగా నున్న రెమా రాజేశ్వరిగారు ఒక మార్గము చూపిరి. గ్రామమునకొక పోలీసు ఉద్యోగిని బాధ్యునిగా నియమించి, అతడు ఇంటింటికి వెళ్లి మాట్లాడునట్లును, గ్రామ గ్రూపులలో చేరి వదంతులను గమనించునట్లును ఏర్పాటు చేసిరి. డప్పు చాటింపులును, జానపద కళాకారుల పాటలును సాయముగా తీసికొనిరి. ఫోనులో వచ్చిన భయమును ఎదుటి మనిషి మాటతో పోగొట్టిన విధానమిది. పంచాయతీలకు అందుబాటులో లేనిది ఇందులో ఏదియు లేదు.

గ్రామ గ్రూపులో ఊరి పనులకు సంబంధించినవి మాత్రమే వ్రాయవలెనని గ్రామసభలో అందరి సమ్మతితో నిర్ణయము చేసికొనవచ్చును. శుభాకాంక్షలకు, వినోదమునకు వేరొక గ్రూపు పెట్టుకొన్నచో ఎవరికిని నొప్పి యుండదు. వైద్య విషయములకు ఆశా కార్యకర్తను లేక ఎ.ఎన్.ఎమ్. ను, పంట విషయములకు వ్యవసాయ విస్తరణాధికారిని, శాంతిభద్రతల విషయమునకు పోలీసుస్టేషనును అడిగిన తరువాతనే పంపవలెనని అందరికి తెలుపవచ్చును. కేంద్ర ప్రభుత్వ పథకములను గూర్చిన వార్తలలో నిజమును తేల్చుటకు పత్రికా సమాచార కార్యాలయము, అనగా పి.ఐ.బి., 2019 లో ప్రత్యేక విభాగమును నెలకొల్పినది. పాఠశాలలోని పెద్ద తరగతుల పిల్లలు దాని ప్రకటనలను చూచి పెద్దలకు చదివి వినిపింపగలరు.

పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట అలవాటు కావలెను. ఇది మొదట చెప్పినదెవరు? ఇది ఎప్పటి సంగతి? తప్పైనచో నష్టపడువారెవరు? తప్పిపోయిన పిల్లవాని ఫొటో వచ్చినచో క్రింద నున్న నంబరుకు ఫోను చేసి చూడవలెను. పిల్లవాడు ఇల్లు చేరిన చాల కాలమునకు కూడ అట్టి ఫొటోలు తిరుగుచుండుట కలదు. మూడింటిలో ఒక్క ప్రశ్నకైనను జవాబు తెలియనపుడు ఆ సందేశమును మనయొద్దనే నిలుపుకొనవలెను.

తాను పంపినది తప్పని తేలినపుడు "నేను పంపినది నిజము కాదు, క్షమించండి" అని అదే గ్రూపులో వ్రాయుటకు సర్పంచి వెనుదీయరాదు. అట్లు ఒకమారు వ్రాసిన సర్పంచి మాటను ఊరు తరువాత మరింతగా నమ్మును. ఆపద సమయమున, వరద వచ్చుచున్నదని చెప్పవలసిన రాత్రి, ఆ నమ్మకమే ప్రజలను ఇండ్లనుండి కదిలించును.

వచ్చు గ్రామసభలో పదినిమిషములు ఈ విషయమునకు కేటాయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. అంతకుముందే, నేటి సాయంకాలమే, తమ ఇంటిలో ఒక పెద్దవారి ప్రక్కన కూర్చుండి, వారి ఫోనులోని సందేశములను వారితో కలిసి చూడవలసినదిగా మనవి చేయుచున్నాము. ఆ సందేశములను గూర్చి అడుగుటకు ముందు వారి ఆరోగ్యమును గూర్చి అడిగినచో తక్కిన మాట సులభమగును.